క్యాంపు పిల్ల, తండా పిలగాడు

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కితే లింగంపేట దాకా ఒక లోకం. గుట్టలు, మోదుగు చెట్లు, మక్క చేన్లు, ఎండిన వాగులు, రోడ్డు పక్కన ఫలానా తండా అని బాణం గుర్తు వేసిన బోర్డులు. అదే బస్టాండులో పక్క ప్లాట్‌ఫారం మీది బాన్సువాడ బస్సు ఎక్కితే మరో లోకం. కాలువ కంటపడగానే నేల రంగు మారిపోతుంది. కనుచూపు మేర వరి. గట్ల మీద కొబ్బరి చెట్లు. కండక్టరు పిలిచే స్టేజీల్లో ఒకటి రెండింటికి చివర ‘క్యాంపు’ అనే తోక. ‘క్యాంపు దిగేటోళ్లు ముందరికి రాండి’ అన్నప్పుడు లేచే ఆడవాళ్లు ‘ఆగండి బాబూ, దిగుతున్నామండి’ అంటారు. ఆ ‘అండి’ వినబడిందంటే మూడు తరాల కింద ఆ ఇల్లు కృష్ణా ఒడ్డునో గోదావరి ఒడ్డునో ఉండేదన్నమాట.

ఈ రెండు బస్సులూ మళ్లీ కలిసేది కామారెడ్డిలోనే. డిగ్రీ కాలేజీలో, కోచింగ్ సెంటర్లో, జిరాక్స్ షాపు ముందర. కాబట్టి ఇద్దరు మనుషుల్ని ఊహించుకుందాం. అబ్బాయిది గాంధారి వైపు తండా. అమ్మాయిది బీర్కూరు వైపు క్యాంపు. పేర్లు పెట్టను. పెడితే మీరు ఇంటిపేరు అడుగుతారు, ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతుంది, ఇక కథ చదవాల్సిన పని ఉండదు. ఒకే బెంచీ మీద గ్రూప్స్ మెటీరియల్ చదువుకున్నారు, ఒకే టిఫిన్ సెంటర్లో తిన్నారు, ఒకరోజు ఒకరి ఫోన్ ఛార్జింగ్ ఇంకొకరికి అవసరమైంది. అక్కడి నుంచి ఏం జరిగిందో మీకు తెలుసు. సినిమావాళ్లు కూడా ఈ ఇలాకాను వదల్లేదు. ‘ఫిదా’లో బాన్సువాడ పిల్ల భానుమతిని చూసి 2017లో రాష్ట్రమంతా మురిసింది. అదే దర్శకుడు శేఖర్ కమ్ముల 2021లో ‘లవ్ స్టోరీ’కి ఆర్మూరు అబ్బాయిని హీరోగా పెట్టి, ఈసారి కులం సంగతి ఎత్తాడు. తండా పిలగాణ్నీ క్యాంపు పిల్లనూ కలిపి మాత్రం ఇంకా ఎవరూ సినిమా తీసినట్టు లేదు. తీస్తే బాన్సువాడలో ఆడుతుందా, ఆడనిస్తారా అన్నది వేరే సంగతి.

అమెరికాలో మాత్రం ఈ కథ పాతది. షయాన్ తెగ యువకుడు, సెట్లర్ల ఆడపిల్ల, మధ్యలో గుర్రాలూ తుపాకులూ. ఇదొక సాహిత్య శాఖే అనొచ్చు. చవకబారు నవలలు రాశారు, మంచివీ రాశారు. అట్లాంటి కథల్లో ‘సెట్లర్’ అన్న మాట తగిలిన ప్రతిసారీ నాకు బాన్సువాడ బస్సు గుర్తొస్తుంది. ప్రపంచంలో చాలామందికి అది చరిత్ర పుస్తకంలో మాట. మనకు పొద్దున లేస్తే వాడుకునే మాట. ఎన్నికలొస్తే ‘సెట్లర్ల ఓట్లు’, పెళ్లి సంబంధం వస్తే ‘వాళ్లు సెట్లర్లు’, పొలం కౌలుకిస్తే ‘సెట్లరే నయం’.

నీళ్ల వెంట వచ్చినవాళ్లు

మంజీర నది మీద అచ్చంపేట, బంజెపల్లి ఊళ్ల నడుమ 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ఆనకట్ట నిజాంసాగర్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఖజానా, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగు. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని లెక్క వేశారు. నీళ్లయితే వచ్చాయి గానీ, జొన్నలూ సజ్జలూ చెరువు కింది వరీ తప్ప తెలియని రైతు కాలువ వ్యవసాయంలోకి ఒక్కసారిగా దూకలేదు. అటు ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల కింద 1850ల నుంచి కాలువ వరిలో ఆరితేరినవాళ్లు ఉన్నారు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ అనేక ఎకరాలు. అలా గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి బళ్ల మీదా రైళ్ల మీదా దిగారు. మొదట్లో గుడిసెలు వేసుకుని ఉన్నారు కాబట్టి అవి క్యాంపులయ్యాయి. గుడిసెలు పెంకుటిళ్లయి, మేడలయి, పిల్లలు డాలస్ పోయినా పేరు మాత్రం క్యాంపుగానే మిగిలింది. బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చాక చెరుకు కూడా తోడయింది. రుద్రూరులో చెరుకు, వరి పరిశోధన కేంద్రం వెలిసింది. ఈ నేల పంట లెక్క మార్చింది వాళ్లేనన్న మాట కాదనలేం. ఆ భూముల్ని అగ్గువకు అమ్ముకున్నవాళ్ల మనవలు అదే భూమిలో కూలీకి పోయారన్నదీ కాదనలేం. 1969లోనూ, మళ్లీ 2001 తర్వాతా ఉద్యమాలు వేడెక్కినప్పుడు క్యాంపుల్లో రాత్రిళ్లు నిద్ర పట్టని ఇళ్లు ఉండేవన్నది మూడో సంగతి.

అయితే తండా వాళ్లు ఇక్కడి ఆదిమ యజమానులా? అదీ అంత తేలిక కాదు. లంబాడాలు దక్కనులోకి వచ్చింది పదిహేడో శతాబ్దంలో, మొఘల్ సైన్యాల వెంట, ఎడ్ల మీద ధాన్యమూ ఉప్పూ మోస్తూ. వేల ఎడ్ల బిడారులు వాళ్లవి. రైలుబండి వచ్చింది, ఉప్పు మీద తెల్లదొరల పెత్తనం వచ్చింది, వ్యాపారం కూలింది. దాని మీద 1871 నేరస్థ తెగల చట్టం. తిరిగే కాళ్లు కట్టుబడిపోయాయి. ఊరికి దూరంగా, గుట్ట పక్కన, అడవి అంచున తండాలు లేచాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. కామారెడ్డి జిల్లా చిత్రమేమిటంటే, మద్నూరు దాటి మహారాష్ట్రలో అడుగుపెడితే అదే లంబాడా విముక్త జాతుల వరుసలో పడతాడు. జుక్కల్ దాటి కర్ణాటకలోకి పోతే ఎస్సీ. ఒకే రక్తం, ఒకే భాష, మూడు సర్టిఫికెట్లు. ఆదిలాబాదులో గోండులు లంబాడాలనే వలసదారులంటారు, 2017లో ఉట్నూరు అట్టుడికింది ఆ గొడవతోనే. ఎవరు సెట్లరు అన్న ప్రశ్న ఎవర్ని అడుగుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

లంబాడాలు తమను తాము ‘గోర్’ అనుకుంటారు. తమవాళ్లు కానివాళ్లంతా ‘కోర్’. ఒక్క అక్షరం తేడా. బామ్మన్ అయినా, కాపు అయినా, కమ్మ అయినా, ఊళ్లో షావుకారయినా కోర్. గోర్ పిల్ల కోర్ ఇంటికి పోకూడదు, కోర్ పిల్ల గోర్ ఇంటికి రాకూడదు. తప్పితే నాయక్ ముందు నసాబ్ అనే పంచాయితీ కూర్చుంటుంది, తప్పు కట్టిస్తుంది, కట్టకపోతే వెలి. రాథోడ్, పవార్, చౌహాన్, జాదవ్ గోత్రాల లెక్క చూడకుండా సొంతవాళ్లలోనే సంబంధం కలపరు, బయటివాళ్లనెక్కడ ఒప్పుకుంటారు? కాబట్టి తండాను ప్రేమకు తలుపులు తెరిచిన స్వర్గంలా, క్యాంపును కత్తి పట్టిన కోటలా చూపించడం నాకు చేతకాదు. రెండు చోట్లా తలుపులున్నాయి. కాకపోతే ఒక తలుపు వెనక భూమి ఎక్కువ ఉంది.

పసుపు కుంకుమ కింద

ఈ కథనం రాయడానికి కూర్చున్నప్పుడు నన్ను తొలిచింది ఒక్కటే. తండా ఆడపిల్లను క్యాంపు మగాడో, ఊరి మగాడో చేరదీస్తే ఊరు నవ్వి ఊరుకుంటుంది. చాటుగా ఉంటే అసలు పట్టించుకోదు. అదే తండా పిలగాడు క్యాంపు పిల్ల చేయి పట్టుకుంటే పంచాయితీ, పోలీస్ స్టేషన్, జీపులు. ప్రేమే పాపమైతే రెండు వైపులా పాపం కావాలి కదా. ఎటునుంచి ఎటు అన్నదాన్ని బట్టి పాపం ఎందుకు మారుతుంది?

కోస్తా ఇళ్లలో ఒక మాట ఉంది, ‘పసుపు కుంకుమ కింద’. ఆడపిల్లకు పెళ్లిలో ఇచ్చే పొలాన్ని అలా అంటారు. కట్నం అన్నమాట నోటితో అనకుండా భూమిని పసుపు పూసి ఇచ్చే పద్ధతి. దాంతో పిల్ల ఏ ఇంటికి పోతే భూమి ఆ ఇంటికి పోతుంది. కాబట్టి పిల్లను పక్క క్యాంపుకే ఇస్తారు, మేనరికమైతే మరీ మంచిది, గట్టు గట్టు కలుస్తుంది. దీనికి తోడు చట్టం మారింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఎన్టీఆర్ కాలం సవరణ పెళ్లి కాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. 2005లో కేంద్రం అదే మాట దేశమంతటికీ చెప్పింది. ఇప్పుడు పసుపు పూసినా పూయకపోయినా భూమిలో ఆమె పేరు ఉంది. ‘పోతే పోయింది, మాకు చచ్చినట్టే’ అని స్నానం చేసి వచ్చిన తండ్రికి కూడా రేపు కోర్టు నోటీసు రావచ్చు. కూతురు చచ్చినట్టు అనుకోవచ్చుగానీ సర్వే నంబరు చావదు.

తండా సంప్రదాయం దీనికి పూర్తి తలకిందులు. ఒకప్పుడు అక్కడ మగపిల్లవాడి తండ్రి ఆడపిల్ల ఇంటికి ఎడ్లూ డబ్బూ ఇచ్చుకునేవాడు. పెళ్లి కూతురు పుట్టింటివాళ్లను ఒక్కొక్కరినీ పట్టుకుని ‘ఢావ్లో’ అనే పాట పాడుతూ ఏడ్చేది. ఆ ఏడుపు నేర్చుకోవడం కూడా ఒక చదువే. ఇప్పుడా ఇచ్చుకోలు తిరగబడి కట్నమైపోయింది. ఉద్యోగమున్న తండా పిలగాడి రేటు ఊరి రేటుకు తీసిపోదు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని దాని రెండో సెక్షనే చెబుతుంది గనక, క్యాంపు పిల్లకు దొరికిన ఆ సమాన వాటా తండా పిల్లకు కాగితం మీద కూడా దొరకలేదు. కట్నం వచ్చింది, వాటా రాలేదు. మంచిది రాకముందే చెడ్డది దిగడం మనకు కొత్త కాదనుకోండి.

ఇంకో కాగితం సంగతి చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి ఇచ్చే పట్టా అమ్మడానికి లేదు, వారసులకు మాత్రమే వస్తుంది. పెళ్లయినవాళ్లయితే భార్యాభర్తలిద్దరి పేరా రాయాలని ఆ చట్టం నాలుగో సెక్షన్ అంటుంది. అంటే, తండాకు కోడలిగా వచ్చిన కోర్ పిల్ల పేరు ఎర్రమట్టి పోడు పట్టా మీద పడే వీలుంది. తండా పెద్దల గుండెల్లో రాయి ఇది. వాళ్ల భయానికి కారణం లేకపోలేదు. భద్రాచలం, ఆదిలాబాదు ఏజెన్సీల్లో 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలైన 1/70 చట్టం గిరిజనేతరుడికి భూమి దక్కకుండా చేస్తే, కొందరు గిరిజనేతరులు గిరిజన స్త్రీని పెళ్లాడో, పెళ్లాడినట్టు పెట్టుకునో ఆమె పేర భూములు రాయించుకున్నారు. కామారెడ్డి షెడ్యూల్డు ప్రాంతం కాదు, ఇక్కడ 1/70 లేదు. కానీ ఆ కబురు మాత్రం ఇక్కడిదాకా వచ్చింది.

బెంట్ గారి కోట

ఈ లెక్క తెలుగు నేలలోనే పుట్టిందనుకుంటే పొరపాటు. షయాన్‌ల దగ్గరికి పోదాం.

విలియం బెంట్ అనే తెల్ల వ్యాపారి 1830లలో ఆర్కాన్సా నది ఒడ్డున మట్టికోట కట్టి, బొచ్చు తోళ్ల వ్యాపారం చేశాడు. షయాన్ పెద్ద ఒకాయన కూతురు ‘ఔల్ వుమన్’ను పెళ్లాడాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. వ్యాపారానికి షయాన్ అత్తగారిల్లు కావాలి, షయాన్‌లకు కోటలో సరుకు కావాలి. తెల్లవాడు గిరిజన పిల్లను తెచ్చుకున్నాడు, దిశ సరిపోయింది. పిల్లలు పుట్టారు. 1864 నవంబరు 29 తెల్లవారుజామున కల్నల్ చివింగ్టన్ దళం శాండ్ క్రీక్ ఒడ్డున నిద్రపోతున్న షయాన్, అరాపహో గుడారాల మీద పడింది. చచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. దారి చూపించమని తుపాకీ పెట్టి బెంట్ పెద్దకొడుకు రాబర్ట్‌ను తెచ్చారు. అతని తమ్ముళ్లు జార్జ్, చార్లెస్ ఆ గుడారాల్లోనే ఉన్నారు. జార్జ్‌కు తూటా తగిలింది. ఒక తండ్రి పిల్లలే, ఒకడు సైన్యం ముందు, ఇద్దరు సైన్యం గురిలో. జార్జ్ ఆ తర్వాత తల్లి తెగతో ఉండి, ముసలితనంలో ఆ కథంతా ఉత్తరాలుగా రాశాడు. షయాన్ చరిత్ర రాసినవాళ్లందరూ ఈరోజుకీ ఆయన ఉత్తరాల దగ్గరికే పోతారు.

దిశ మారితే ఏమయ్యేదో చార్లెస్ ఈస్ట్‌మన్ కథ చెబుతుంది. ఈయన షయాన్ కాదు, శాంటీ డకోటా. బోస్టన్‌లో వైద్యం చదివి 1890లో పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌కు డాక్టరుగా వచ్చాడు. ఎలేన్ గుడేల్ మసాచుసెట్స్ పిల్ల, చిన్నప్పుడే కవితలు అచ్చయిన అమ్మాయి, డకోటా బడులకు పర్యవేక్షకురాలిగా అక్కడ తిరుగుతోంది. వారాల్లోనే మాట ఇచ్చుకున్నారు. డిసెంబరు 29న ఊండెడ్ నీ కాల్పులు. క్రిస్మస్‌కు కట్టిన పచ్చతోరణాలు ఇంకా తీయని చర్చిలో, బెంచీలు లాగేసి, గడ్డి పరిచి, గాయపడ్డవాళ్లను పడుకోబెట్టారు. ఆయన కుట్లు వేస్తుంటే ఆమె పక్కన ఉంది. 1891 జూన్‌లో న్యూయార్క్‌లో పెళ్లయింది. పత్రికలకు పండగ: తెల్ల కవయిత్రి ఇండియన్‌ను పెళ్లాడిందట! చదువుకున్నవాడు, కోటు వేసుకునేవాడు కాబట్టి ఉతికి ఆరేయలేదు గానీ, విడ్డూరంగా మాత్రం చూశారు. ఆరుగురు పిల్లలు పుట్టారు. ముప్ఫై ఏళ్లకు విడిపోయారు, కారణాలు మామూలు ఇళ్లలో ఉండేవే. విడిపోయే హక్కు కూడా ప్రేమించినవాళ్లకు ఉండాలి కదా. కులాంతర జంట విడిపోతే ‘మేం ముందే చెప్పాం’ అనే నోళ్లు మన దగ్గరా తక్కువ లేవు.

ఇక చట్టాలు. 1888లో అమెరికా కాంగ్రెసు, ఇండియన్ స్త్రీని పెళ్లాడిన తెల్లవాడికి ఆమె తెగ ఆస్తిలో హక్కు రాదని చట్టం చేసింది. మన 1/70కి దూరపు చుట్టం. ఆ కంతల్లోంచి దూరినవాళ్లూ ఉన్నారు. 1920లలో ఓక్లహామా చమురు నేలల్లో ఓసేజ్ ఆడవాళ్లను పెళ్లాడి, వాళ్ల వాటాల కోసం ఒక్కొక్కరినీ చంపించిన కథను 2023లో స్కోర్సెసీ ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’గా తీశాడు. ఇంకో పక్క వర్జీనియా 1924 జాతిశుద్ధి చట్టం మరీ వినోదం. తెల్లవాళ్లు ఇతరులను పెళ్లాడరాదు అని రాసి, పదహారో వంతు ఇండియన్ రక్తం ఉంటే ఫరవాలేదు అని సందు ఉంచారు. ఎందుకంటే అక్కడి పెద్ద కుటుంబాలు తాము పోకహాంటస్ వారసులమని గొప్పలు చెప్పుకునేవి. పూర్వీకుల ఇంట్లో రాకుమారి ఉంటే గర్వం, పక్కింట్లో ఉంటే నేరం. ఆ చట్టం 1967లో లవింగ్ కేసుతోగాని పోలేదు.

కోఠీలో, నాంపల్లిలో

మన రాజధానిలోనే ఇలాంటి కథ ఉంది, బస్సులో పోతూ దాని గేటు ముందు రోజూ దిగుతాం. నిన్నమొన్నటిదాకా కోఠీ మహిళా కళాశాలగా ఉన్న భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. దాన్ని కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుంచి 1805 దాకా ఇక్కడ కంపెనీ ప్రతినిధి. హైదరాబాదు ఉన్నత కుటుంబపు పిల్ల ఖైరున్నీసాను ఇస్లామ్ పద్ధతిలో నిఖా చేసుకున్నాడు. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ విచారణలు వేశాడు. ఇద్దరు పిల్లలు, సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. 1805లో ఆ పసివాళ్లను ఇంగ్లండు ఓడ ఎక్కించారు. అక్టోబరు 15న కలకత్తాలో తండ్రి పోయాడు. తల్లి పిల్లల్ని మళ్లీ చూడలేదు. అతని కింద పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెను దగ్గరికి తీసి వదిలేశాడు, సొంత ఊరు రానివ్వక మచిలీపట్నంలో కొన్నేళ్లు వెళ్లదీసి, 1813లో ఇరవై ఏడేళ్లకు పోయింది. విలియం డాల్‌రింపుల్ పుస్తకం తర్వాత దీన్ని గొప్ప ప్రేమకథగా చెప్పుకుంటున్నాం. చెప్పుకుందాం. కానీ కథ మొదలైనప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ల వయసనీ, పడ్డ బాధలో పెద్ద వాటా ఆమెదేననీ కూడా చెప్పుకుందాం. తెల్లవాడికి దక్కింది విచారణ, ఆమెకు దక్కింది ప్రవాసం.

నాంపల్లిలోని ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ది ఇంకో రకం కథ, మన కథకు దగ్గరిది. నిజాం కొలువుకు బెంగాల్ నుంచి తరలివచ్చిన బ్రాహ్మణ పండితుడు అఘోరనాథ్ ఛటోపాధ్యాయ్. ఆ లెక్కన ఆయనదీ సెట్లర్ కుటుంబమే, ఆ రోజుల్లో ఎవరూ అలా అనలేదు గానీ. ఆయన పదిహేనేళ్ల కూతురు తెలుగు నాయుడి కుటుంబపు డాక్టర్ గోవిందరాజులును ఇష్టపడింది. కులం వేరు, భాష వేరు. 1895లో నిజాం వేతనంతో అమ్మాయిని లండన్ పంపారు. మూడేళ్లు, సముద్రాలు, జబ్బు, ఏదీ మరిపించలేదు. 1898 డిసెంబరు 2న మద్రాసులో సివిల్ వివాహ చట్టం కింద పెళ్లి జరిగింది, జరిపించినవాడు కందుకూరి వీరేశలింగం. ఆమె సరోజినీ నాయుడు. ఆ 1872 చట్టం కింద పెళ్లాడాలంటే ‘నేను హిందువును కాను, ముస్లింను కాను’ అంటూ మతాన్ని వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. ప్రేమించినందుకు కట్టిన జరిమానా అది.

ముప్ఫై రోజులు

మన క్యాంపు పిల్లా తండా పిలగాడూ ఎంతసేపని ఆగుతారు? గుడిలో తాళి కట్టించి, ఫోటోలు తీసి, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేద్దామంటే లాయరు తల గోక్కుంటాడు. ఆ చట్టం కూడా షెడ్యూల్డు తెగలకు వర్తించదని రాసి ఉంది. రేపు ఏ వాటా గొడవలోనో ‘ఇది పెళ్లే కాదు’ అనే పెద్దమనిషి తేలతాడు. గట్టి దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. 1872లోలాగా మతం వదులుకోనక్కర్లేదు. ఆమెకు 18, అతనికి 21 నిండాలి, ముగ్గురు సాక్షులు కావాలి. ఇంతవరకు హాయి.

ఇక్కడ ఉంది తిరకాసు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందు నోటీసు ఇవ్వాలి. ఇద్దరి పేర్లు, వయసులు, వృత్తులు, చిరునామాలు ఉన్న ఆ కాగితాన్ని అందరికీ కనబడేచోట అంటించాలి. ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి 30 రోజులు. ఆ ఆఫీసు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. వరండాలో డాక్యుమెంట్ రైటర్ల బల్లలు, స్టాంపు కాగితాలు, వేళ్ల సిరా అంటిన గోడ, గుండుసూదులు తుప్పు పట్టిన నోటీసు బోర్డు. అక్కడికి వచ్చేవాళ్లెవరు? ఇవాళ ఎకరం కొన్నవాడు, రేపు ఎకరం అమ్మేవాడు, గిఫ్ట్ డీడు రాయించే మేనమామ, తనఖా పెట్టే బాబాయి. ఈ జిల్లాలో భూమి ఉన్న ప్రతి ఇంటి మనిషీ ఏడాదికోసారి ఆ బోర్డు ముందర నిలబడి ఫోన్ చూసుకుంటాడు. భూమి అడ్డుపడుతున్న ఈ ప్రేమను తెచ్చి భూములు రిజిస్టరు చేసే గోడకే అంటించారు. అభ్యంతరాలకు చట్టం ఒప్పుకునే కారణాలు నాలుగే: ముందే పెళ్లయి ఉండటం, మతి స్థిమితం లేకపోవడం, వయసు చాలకపోవడం, దగ్గరి రక్తసంబంధం. కులం అందులో లేదు. కానీ రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టేవాడి గురించి కాదు భయం. కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాడి గురించి. అలహాబాదు హైకోర్టు 2021లో ఈ ప్రకటన తప్పనిసరి కాదు, జంట కోరితేనే అంది. ఆ తీర్పు ఆ రాష్ట్రానికి.

పిల్ల ఇల్లు దాటగానే ‘కనబడుటలేదు’ కేసు, తర్వాత కిడ్నాపు కేసు, ఆ పైన ‘మేజరైతే ఏం, తల్లిదండ్రుల ఉసురు తగలదా’ అనే స్టేషన్ కౌన్సెలింగు. 2006లో లతాసింగ్ కేసులో, 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, యుక్తవయసు వచ్చినవాళ్ల పెళ్లిలో పెద్దలకు గాని పంచాయితీకి గాని జోక్యం లేదంది. బెదిరింపు ఉంటే రక్షణ ఇవ్వాలనీ, అవసరమైతే సురక్షిత గృహంలో ఉంచాలనీ చెప్పింది. శక్తివాహిని తీర్పు మార్చి 27న వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భవతి భార్య పక్కన నడుస్తున్న దళిత యువకుణ్ని పట్టపగలు నరికారు. నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తీర్పుకు పట్టింది ఆరున్నరేళ్లు.

అన్నీ దాటి మనవాళ్ల పెళ్లయిందనే అనుకుందాం. పెళ్లితో ఆమె ఎస్టీ కాదు, 1996 వల్సమ్మ పాల్ తీర్పు ఆ సంగతి తేల్చింది. పిల్లలు మామూలుగా తండ్రి వరుసలో పోతారు, కాకపోతే వాళ్లు ఏ వాతావరణంలో పెరిగారన్నది కూడా చూడాలని 2012 తీర్పు ఉంది. కాబట్టి ఆమె తండాలోనే ఉంటే పిల్లల సర్టిఫికెట్‌కు మేలు. శ్రావణంలో తీజ్ వస్తుంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు వేసి తొమ్మిది రోజులు నీళ్లు పోసి ఆడతారు. ఆమె కూతురు కూడా ఒక బుట్ట పెడుతుంది. అమ్మమ్మ ఊరు కాలువ అవతల ముప్ఫై కిలోమీటర్లు. ఆ పిల్ల అమ్మను ‘యాడీ’ అని పిలుస్తుంది, అమ్మ ‘ఏమ్మా, ఏం కావాలి’ అని పలుకుతుంది.

ఇది కథలో మాట. నిజంలో వాళ్లిద్దరూ ఇంకా నోటీసు దగ్గరే ఆగి ఉన్నారు. అందుకని చదువరులకు ఒక్క విన్నపం. ఏ పని మీదనైనా రిజిస్ట్రారు ఆఫీసుకు పోయినప్పుడు, ఆ తుప్పు సూదుల బోర్డు మీద మీకు తెలిసిన ఇంటిపేరు ఒకటి కనబడితే, జేబులోంచి ఫోన్ తీయకండి.